గరిటెతో నూనె తోడుకున్న ఇంజను

1953లో అమెరికాలో షెవర్లే కారు కొన్నవాళ్లకి గేరుబాక్సును బట్టి ఇంజను మారింది. చేత్తో గేర్లు వేసుకునే కారు తీసుకుంటే 108 హార్స్‌పవర్ ఇంజను. పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు కావాలంటే 115 హార్స్‌పవర్ ఇంజను. రెండూ ఆరు సిలిండర్లవే, రెండూ 235 ఘనపు అంగుళాలవే, అంటే దాదాపు 3.9 లీటర్లు. బానెట్ ఎత్తి చూసినవాడికి తేడా పట్టడం కష్టం. అసలు తేడా నూనె పారే దారిలో ఉంది. మొదటిదాంట్లో పిస్టన్లని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ల అడుగున చిన్న గరిటెలుండేవి. ఇంజను తిరుగుతుంటే అవి ఆయిల్ చాంబర్లో మునిగి నూనె తోడుకునేవి. రెండోదాంట్లో గరిటెలు లేవు. క్రాంక్‌షాఫ్ట్ లోపల తొలిచిన రంధ్రాల గుండా నూనె పంపు ప్రతి బేరింగుకీ నూనె నెట్టేది. మరుసటి ఏడాదికల్లా గరిటెలు కార్లలోంచీ ట్రక్కుల్లోంచీ పూర్తిగా పోయాయి.

ఈ మార్పు గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒక్క వాక్యంతో సరిపెడతారు: గరిటె పాతకాలపు మోటుపని, పంపు ఆధునికం అని. అంత తేలిగ్గా తేల్చడం నాకు నచ్చదు. అంత మోటు పద్ధతే అయితే పాతికేళ్లపాటు లక్షల ఇంజన్లలో ఎలా నడిచింది? పోనీ అంత గొప్పదే అయితే, ట్రక్కు యజమానులూ రేసు కుర్రాళ్లూ దాన్ని పీకేసి వేరే పద్ధతి పెట్టుకోవడానికి ఎందుకు తంటాలు పడ్డారు?

కథ 1929లో మొదలవుతుంది. అప్పటికి చవక కారంటే నాలుగు సిలిండర్లే. ఫోర్డ్ టీ మోడల్ కోటిన్నరకు పైగా అమ్ముడై అప్పుడే ఆగిపోయింది, దాని వెనకొచ్చిన ‘ఏ’ మోడల్‌కీ నాలుగే. షెవర్లే విభాగానికి అధ్యక్షుడు విలియం నడ్సన్. డెన్మార్క్ నుంచి వలస వచ్చి, ఫోర్డ్ దగ్గర పని నేర్చి, 1921లో బయటికొచ్చిన మనిషి. నాలుగు సిలిండర్ల ధరకే ఆరు సిలిండర్లు ఇస్తామని ఆయన కంపెనీ ప్రకటించింది. ఇంజను 194 ఘనపు అంగుళాలు, 46 హార్స్‌పవర్. లోపల పోత ఇనప పిస్టన్లు, బిగించినవి పొయ్యిలకు వాడే గాడిబోల్టుల్లాంటివి. అందుకే జనం దానికి స్టవ్‌బోల్ట్ అని పేరు పెట్టారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరు ముద్దుపేరుగా మిగిలిపోయింది. అదే ధరకు రెండు సిలిండర్లు ఎక్కువ ఇవ్వాలంటే ఇంకెక్కడో ఖర్చు తగ్గించాలి. క్రాంక్‌షాఫ్ట్ లాంటి గట్టి ఉక్కులో ఏటవాలుగా పొడుగాటి రంధ్రాలు తొలవడం ఆ రోజుల్లో ఖరీదైన పని. రాడ్డు అడుగున రేకు గరిటె బిగించడానికి పెద్దగా ఏమీ కాదు. గరిటె వెనక ఉన్నది ఈ ధరల లెక్కే అని నా అంచనా.

చవకదే అయినా తెలివితక్కువది కాదు. 1937లో వచ్చిన 216 ఘనపు అంగుళాల, 85 హార్స్‌పవర్ ఇంజన్ని చూడండి. పాత షెవర్లే ట్రక్కు అనగానే తెలిసినవాళ్లకి గుర్తొచ్చేది అదే. అందులోనూ నూనె పంపుంది. అది క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులకీ క్యామ్‌షాఫ్ట్ బేరింగులకీ తక్కువ ఒత్తిడితో నూనె ఇస్తుంది. కనెక్టింగ్ రాడ్ల సంగతి వేరు. ఆయిల్ చాంబర్లో ఒక్కో రాడ్డు కింద ఒక్కో చిన్న తొట్టి, దాని పక్కన సన్నటి నాజిల్ ఉంటాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు తొట్టిలో నిలిచిన నూనెలో గరిటె మునిగి లేస్తుంది. వేగం పెరిగి పంపు ఒత్తిడి ఎక్కేకొద్దీ నాజిల్ నుంచి నూనె ధారగా ఎగిసి, తిరిగొచ్చే గరిటె నోట్లోకి ఎదురుగా కొడుతుంది. గరిటె విసురుకి ఆ నూనె రాడ్డు బేరింగులోకి దూరుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ విసురూ పెరుగుతుంది. అంటే నూనె అవసరం హెచ్చినప్పుడు తోపుడు కూడా దానంతటదే హెచ్చుతుంది. ఇది గీసినవాళ్లు ఆలోచించే గీశారు.

ఇంత తక్కువ ఒత్తిడి నూనె అంత బరువుని ఎలా మోస్తుందన్న అనుమానం రావాలి. దాని జవాబు అమెరికాలో దొరకదు, 1883 నాటి లండన్‌కి వెళ్లాలి. అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోరితే బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. ఇరుసు కింది భాగం నూనెలో మునిగి తిరుగుతోంది, బేరింగు పైనుంచి ఆనుకొని ఉంది. పైనుంచి నూనె పోద్దామని బేరింగుకి రంధ్రం పెట్టించాడు. ఇరుసు తిప్పగానే ఆ రంధ్రం గుండా నూనె పైకి ఉబికొచ్చింది. బిరడా పెడితే తోసేసింది, చెక్క మేకు కొడితే దాన్నీ తోసేసింది. చివరికి ప్రెషర్ మీటరు బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటి ఆఖరికి పోయి ఆగింది. బేరింగు మీద మోపిన సగటు భారం అందులో సగమే! తిరిగే ఇరుసు తనకు అంటుకున్న నూనెని ఇరుకు సందులోకి లాక్కుపోతుంది, చీలలా సన్నబడుతూ ఏర్పడే ఆ పొరలో ఒత్తిడి దానంతటదే పుడుతుంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీని గణితం రాశాడు. భారం మోసేది ఆ పొరే. పంపు పని ఆ పొర ఎండిపోకుండా నూనె అందించడం, వేడెక్కిన నూనెని బయటికి కడిగేయడం. ఈ సంగతి తెలిస్తే మీటరులో ముల్లు చూసి కంగారుపడటం చాలావరకు తగ్గుతుంది.

పంపుతో అన్ని చోట్లకీ నూనె నెట్టే ఆలోచన కూడా ఇరవయ్యో శతాబ్దానిది కాదు. 1890లో బర్మింగ్‌హామ్‌లోని బెల్లిస్ కంపెనీలో ఆల్బర్ట్ పెయిన్ వేగంగా తిరిగే ఆవిరి ఇంజన్ల కోసం ఇలాంటి పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కాబట్టి షెవర్లే ఇంజనీర్లకు తెలియక కాదు. అప్పటి వేగాలకి అవసరం లేదనుకున్నారు.

వేగం సంగతి మన పొలాల్లోనే చూడొచ్చు. నీళ్లు తోడటానికి, పిండిమరలు ఆడించడానికి మనవాళ్లు వాడిన లిస్టర్ రకం ఆయిలింజన్లలో పెద్ద బేరింగుకి నూనె అందేది ఇలా చిమ్మడం వల్లే. రాడ్డు అడుగున చిన్న ముక్క, కింద నూనె, అంతే. నిమిషానికి 650 చుట్లు తిరిగే ఆ ఇంజను దశాబ్దాలపాటు డుగడుగమంటూ ఆడుతుంది. అదే ఏర్పాటు 3,000 చుట్లు తిరిగే ఇంజనుకి పెడితే మాటే మారిపోతుంది. వేగం రెట్టింపైతే పైకీ కిందికీ కొట్టుకునే పిస్టను, రాడ్డు విసురు నాలుగు రెట్లవుతుంది. బేరింగులో పుట్టే వేడి కూడా పెరుగుతుంది. ఆ వేడిని మోసుకుపోయేంత నూనె గరిటెతో అందదు.

పైగా బేరింగు కూడా ఆ రోజుల నాటిదే. 216లో రాడ్డు బేరింగు విడిగా ఉండదు. కరిగించిన బాబిట్ లోహాన్ని నేరుగా రాడ్డులోకే పోత పోస్తారు. మన లేత్ షాపుల్లో దీన్ని వైట్‌మెటల్ అంటారు. తగరంలో కొంచెం ఆంటిమొనీ, రాగి కలిపి చేసేది, 1839లో ఐజాక్ బాబిట్ అనే అమెరికన్ పేటెంటు తీసుకున్నది. మెత్తటి లోహం కాబట్టి మురికి రేణువు వస్తే తనలో కూరుకోనిస్తుంది, షాఫ్టుని గీకనివ్వదు. ఆ గుణం ఫిల్టరు లేని ఇంజనుకి ప్రాణదాత. ఎందుకంటే 216కి ఆయిల్ ఫిల్టరు కంపెనీతో వచ్చేది కాదు, కావాలంటే విడిగా కొనాలి. అయితే మందంగా పోసిన బాబిట్‌కి అలసట తొందర. కొన్ని లక్షల దెబ్బలు తిన్నాక సన్నటి బీటలు వారి, పెచ్చులూడుతుంది. అదే లోహాన్ని ఉక్కు పెంకు మీద పలచగా పూస్తే ఎక్కువ బరువు ఓర్చుకుంటుంది. మార్చుకోవడం కూడా తేలిక. ఆ తర్వాతి తరం వాడిన పెంకు బేరింగుల గుట్టు ఇదే.

బాబిట్ రాడ్డు అరిగితే మెకానిక్ చేసే పని వింతగా ఉండేది. రాడ్డు టోపీకీ రాడ్డుకీ మధ్య పల్చటి రేకులు పేర్చి ఉంటాయి. ఒక్కో రేకు తీసి బిగించి, రాడ్డుని చేత్తో ఊపి, షాఫ్టు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. అదంతా చేతి అనుభవం మీద నడిచే పని. అది తెలిసిన మెకానిక్‌కి చాంబర్ విప్పడం ఏడాదికోసారి చేసే ఆనవాయితీ, తెలియనివాడి చేతిలో మాత్రం ఇంజను పట్టేస్తుంది.

కొండ ఎక్కేటప్పుడు ఇంకో చిక్కు. బండి వెనక్కి వాలితే తొట్లలో నూనె ఒక పక్కకి జారుతుంది. గరిటె వంగినా, నాజిల్లో మడ్డి పేరుకున్నా ఆ ఒక్క రాడ్డుకే నూనె అందదు, మిగతా ఐదూ హాయిగా ఉంటాయి. దీన్ని మీటరు చెప్పదు. డాష్‌బోర్డు మీది మీటరు చూపేది పంపు లైనులోని ఒత్తిడి, రాడ్లు ఆ లైనులో లేనే లేవు. మామూలు వేగంలో ముల్లు 14 పౌండ్ల దగ్గర ఉంటుంది, ఇంజను వేడెక్కి నెమ్మదిగా ఆడుతుంటే దాదాపు సున్నాకి దిగుతుంది. దానికోసం 30 పౌండ్ల దాకా మాత్రమే గీతలున్న మీటరు ఇచ్చారు. కొత్తగా పాత బండి కొన్నవాళ్లు ఆ సున్నా చూసి బెంబేలెత్తుతారు. నిజానికి భయపడాల్సింది ముల్లు చూపని చోట.

ఇంతకంటే వింత ఏమిటంటే, అదే జనరల్ మోటార్స్ కుటుంబంలో ఈ చిక్కుని వేరేవాళ్లు ముందే విప్పేశారు. ఇంగ్లండులో షెవర్లే ట్రక్కులు కట్టే వాక్స్‌హాల్ కంపెనీ 1931లో బెడ్‌ఫోర్డ్ పేరుతో రెండు టన్నుల ట్రక్కు తెచ్చింది. బాడీ దాదాపు షెవర్లేదే, ఇంజను కూడా షెవర్లే ఆరు సిలిండర్ల నుంచి పుట్టిందే. కానీ క్రాంక్‌షాఫ్ట్‌కి మూడు బదులు నాలుగు మెయిన్ బేరింగులు పెట్టారు, మెయిన్లకీ రాడ్లకీ పూర్తి ప్రెషర్ నూనె ఇచ్చారు. అమెరికా షెవర్లే ఇరవై రెండేళ్ల తర్వాత చేసిన పనిని బ్రిటిష్ శాఖ అప్పుడే చేసింది. ఆ బెడ్‌ఫోర్డ్ వంశపు ట్రక్కులే తర్వాత హిందుస్థాన్ బెడ్‌ఫోర్డ్ పేరుతో మన రోడ్లెక్కాయి. ఇక అమెరికాలోనే, 1939లో జీఎంసీ ట్రక్కు విభాగం షెవర్లే పోలికలతో ఉన్న సొంత ఇంజన్లు తెచ్చి వాటికి పూర్తి ప్రెషర్ నూనె ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఐదు లక్షలకు పైగా తయారైన జీఎంసీ రెండున్నర టన్నుల ఆరు చక్రాల ట్రక్కులో ఉన్నది ఆ వరసలోని 270 ఘనపు అంగుళాల ఇంజనే. షెవర్లే మాత్రం గరిటె వదల్లేదు. బాగా అమ్ముడుపోతున్న ఇంజన్ని విప్పి యంత్రాలన్నీ మార్చడం ఏ కంపెనీకీ ఇష్టం ఉండదు. నష్టం కనపడేది రెండో చేతి యజమానికి, అదీ గ్యారేజీలో.

గరిటె వైపు కూడా ఒక మాట చెప్పాలి. 1940లో బ్యూనస్ ఐరిస్ నుంచి పెరూలోని లిమా దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చే రేసు జరిగింది, సుమారు తొమ్మిదిన్నర వేల కిలోమీటర్లు, ఆండీస్ కొండల మీదుగా. గెలిచింది హువాన్ మాన్యుయెల్ ఫాంజియో, తర్వాత ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అదే ఫాంజియో. నడిపింది షెవర్లే కూపే, ఇంజను ఈ వంశానిదే. రేసు కారంటే మెకానిక్కులు చెక్కి తీర్చిన కారు కాబట్టి ఘనత మొత్తం ఇంజనుకి కట్టబెట్టను. అయినా మట్టి రోడ్ల మీద ఆ వంశం దమ్ము ఎంతో తేలిపోయింది.

ఆ దమ్ముకి పరీక్ష సాఫీ రోడ్డు మీద వచ్చింది. అదే 1940 అక్టోబరులో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ తెరిచారు, 160 మైళ్ల పొడవునా ఎక్కడా కూడలి లేని దారి. మట్టి రోడ్డు మీద డ్రైవరు గుంతలకు ఆగుతాడు, వేగం తగ్గిస్తాడు, ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది. ఇలాంటి రోడ్డు మీద గంటల తరబడి ఒకే వేగం. అరటన్ను షెవర్లే ట్రక్కు వెనక ఇరుసులో 4.11 నిష్పత్తి గేర్లుండేవి, బరువు లాగడానికి. ఆ గేర్లతో గంటకు 55 మైళ్లు పోవాలంటే ఇంజను నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరగాలి, అది కూడా ఆగకుండా. బాబిట్‌కి ఇష్టంలేనిది సరిగ్గా ఇదే.

కంపెనీ చేయనిది ముందుగా చేతుల్లోకి తీసుకున్నది కాలిఫోర్నియా కుర్రాళ్లు. ఎండిన చెరువుల మీద, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి చోట్ల, పాత కార్లని చెక్కి పరిగెత్తించేవాళ్లు. ఎక్కువమంది ఫోర్డ్ వీ-8 వైపున్నా, ఆరు సిలిండర్ల వాళ్లది ఒక చిన్న దండు ఉండేది. వాళ్లలో వేన్ హార్నింగ్ పన్నెండు పోర్టుల సిలిండరు హెడ్ చేశాడు. కాలిఫోర్నియా బిల్ పేరుతో బిల్ ఫిషర్ షెవర్లే, జీఎంసీ ఇంజన్ల మీద మాన్యువల్ రాశాడు. వాళ్లకి గరిటె అడ్డమైంది. కొందరు తెలివిగా పూర్తి ప్రెషర్ ఉన్న జీఎంసీ ఇంజనే తెచ్చి షెవర్లేలో దింపుకున్నారు. మిగిలినవాళ్లు తమ షెవర్లే ఇంజన్నే మార్చారు.

ఆ మార్పు కష్టం ఎక్కడుందో చూడండి. ముందు క్రాంక్‌షాఫ్ట్ తీసి, ఒక్కో మెయిన్ జర్నల్ (షాఫ్టు మీద బేరింగు కూర్చునే భాగం) నుంచి పక్కన ఉన్న రాడ్డు జర్నల్ దాకా ఏటవాలుగా రంధ్రం తొలవాలి. డ్రిల్లు ఒక్క చోట పక్కకి పోతే షాఫ్టు పాత సామాను కింద పోయినట్టే. తొలిచాక రంధ్రాల అంచులు నున్నగా చేసి, లోపలి లోహపు పొట్టు పూర్తిగా కడగాలి. మెయిన్ బేరింగులకి నూనె ఎప్పుడూ అందేలా గాడి కావాలి. రాడ్ల గరిటెలు తీసేసి ఆ రంధ్రాలు మూసెయ్యాలి, వీలైతే పెంకు బేరింగులు పట్టే రాడ్లు వెయ్యాలి. నాజిళ్ల లైను మూసెయ్యాలి, లేకపోతే నూనె అంతా అటే పోతుంది. చివరికి, పెరిగిన అవసరానికి సరిపడా ఎక్కువ నూనె తోడే పంపు కావాలి.

ఇక్కడే చాలామంది దగ్గరిదారి వెతుకుతారు. ఒత్తిడి హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాషరు వేసి ఒత్తిడి పెంచేసి, మీటరులో ముల్లు పైకి లేవగానే పని అయిపోయిందనుకుంటారు. గరిటె ఇంజన్లో దానివల్ల రాడ్లకి ఒరిగేదేమీ లేదు, అవి ఆ లైన్లో లేవు కదా. పైగా నాజిల్ ధార గరిటెకి తగిలే గురి లెక్క తారుమారవుతుంది. చిక్కటి నూనె పోసినా అంతే. గరిటె తోడేదీ సన్నటి నాజిల్లోంచి ఎగిసేదీ పలచటి నూనె, మామూలు వాతావరణానికి 20 గ్రేడు లాంటిది. ఆ ఇంజన్ని అరిగిందని 50 గ్రేడుతో ముంచితే మీటరుకి ఆనందం, రాడ్లకి ఆకలి.

1953 నాటికి కంపెనీకి తప్పలేదు. పవర్‌గ్లైడ్ గేరుబాక్సులో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, బండి కదలకముందే ఇంజను వేగం ఎక్కేస్తుంది. ఆ కార్ల కోసమే మొదట అల్యూమినియం పిస్టన్లు, పెంకు బేరింగులు, తొలిచిన క్రాంక్‌షాఫ్ట్, పూర్తి ప్రెషర్ నూనె ఇచ్చారు. ఆ ఏడాదే వచ్చిన మొదటి కార్వెట్ స్పోర్ట్స్ కారులోనూ ఈ 235 తమ్ముడే, 150 హార్స్‌పవర్ చేసేలా తీర్చారు. 1954లో ట్రక్కులకీ దిగింది, 216 ఆగిపోయింది, ట్రక్కు డాష్‌బోర్డు మీద 30 పౌండ్ల మీటరు పోయి 60 పౌండ్లది వచ్చింది. ఒక్క మాట: పూర్తి ప్రెషర్ ఇంజన్లో కూడా సిలిండరు గోడలకి నూనె చేరేది ఇప్పటికీ చిమ్మడం వల్లే. రాడ్డు బేరింగు పక్కల నుంచి కారే నూనెని క్రాంక్ విసిరికొడుతుంది.

మన దేశానికి ఈ మార్పు చేరలేదనే చెప్పాలి. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలోని శివ్డీలో షెవర్లే బండ్లు బిగించడం మొదలుపెట్టింది, 1954లో దుకాణం కట్టేసింది. గరిటె పోయిన ఏడాదే! అదే 1954లో టాటా, మెర్సిడెస్-బెంజ్ డీజిల్ ట్రక్కులు జంషెడ్‌పూర్ నుంచి బయటికొచ్చాయి. యుద్ధం అయ్యాక మిగులు సామాను కింద అమ్మిన కెనడా షెవర్లే సైనిక ట్రక్కులు కూడా 216 ఇంజనువే. కాబట్టి ఇక్కడ మిగిలిన పాత షెవర్లే ఏదైనా తగిలితే అది గరిటె బండి అయ్యే అవకాశమే ఎక్కువ.

అలాంటి బండి చేతికొచ్చినవాళ్లకి నా సలహా ఇది. క్రాంక్ తొలిచే పనికి దిగకండి, అంత ఖర్చుకీ ఓపికకీ 1954 తర్వాతి 235 ఇంజను వెతికి తెచ్చుకోవడం మేలు. నీటి పంపు, ముందు మౌంటు దగ్గర కొద్దిపాటి పని ఉంటుంది, అంతే. అసలు ఇంజనే ఉంచాలనుకుంటే ముందు చాంబర్ విప్పించి తొట్లలో మడ్డి గీకించండి, ఒక్కో నాజిల్ ధార గరిటె నోటికి తగిలేలా గురి సరిచేయించండి, గరిటెలు వంగి ఉంటే సరిచేయించండి. ఫిల్టరు లేకపోతే బైపాస్ రకం ఒకటి బిగించండి, దాని వెనక్కొచ్చే గొట్టం నేరుగా చాంబర్లోకి దిగాలి. పలచటి మంచి నూనె పోసి తరచూ మార్చండి, గంటకు 70 కిలోమీటర్లు దాటించకండి.